ట్యాబులు ఇచ్చారు సరే, లైబ్రేరియన్ ఏరి?

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ మొదలైన రెండు వారాలకు, చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలంలో పదిమందికి పైగా మనుషులు ఉమ్మెత్త గింజల రసం తాగి ఆస్పత్రి పాలయ్యారు. అది తాగితే కరోనా రాదని టిక్‌టాక్‌లో ఎవరో వీడియో పెట్టారు. ఉమ్మెత్త కాయ చూడటానికి టీవీలో చూపించే వైరస్ బొమ్మలాగే గుండ్రంగా, ముళ్లముళ్లుగా ఉంటుంది కదా, అందుకని దానికి ఇదే విరుగుడన్న తర్కం. అదృష్టం బాగుండి బతికారు. (అదృష్టం అనే మాట మనకు పడదు కాబట్టి, దగ్గర్లో డాక్టర్లు ఉండబట్టి బతికారు అందాం.)

ఉమ్మెత్త విషమని మన పల్లెల్లో పశువులు కాసే పిల్లవాడికి కూడా తెలుసు. తరతరాలుగా తెలిసిన ఆ సంగతిని ఒక్క నిమిషం వీడియో ఎలా తుడిచేసింది? ఆ ఊళ్లోనూ బడి ఉంటుంది. బడికెళ్లే పిల్లలు ఉంటారు. ఆ పిల్లల్లో ఒక్కరైనా "ఆగు నాన్నా, ఇది చెప్పిందెవరు? వేరే ఎక్కడైనా రాశారేమో చూద్దాం" అనగలిగేలా మన బడి ఏమైనా నేర్పిందా?

లేదు. ఎందుకు లేదంటే, అది నేర్పే చోటు బడిలో లేదు. సైన్సు పీరియడ్‌లో కిరణజన్య సంయోగక్రియ చెబుతారు. కంప్యూటర్ పీరియడ్ అంటూ ఉంటే కీబోర్డు మీద ఎన్ని మీటలున్నాయో చెబుతారు. ఒక మాట చెవిన పడినప్పుడు దాన్ని ఎక్కడ, ఎలా సరిచూసుకోవాలో మాత్రం ఏ పీరియడ్‌లోనూ చెప్పరు. అది చెప్పాల్సిన గదికి లైబ్రరీ అని పేరు. మన సర్కారు బడుల్లో చాలా చోట్ల అది గది కూడా కాదు, హెచ్చెమ్ గారి కుర్చీ వెనకాల తాళం వేసి ఉన్న ఇనప బీరువా.

"ఫోన్ల గురించి మాట్లాడుతూ మధ్యలో లైబ్రరీ ఏమిటండీ, అది పాత కాలం సంగతి కదా" అంటారని తెలుసు. ఈ వ్యాసం రాస్తున్నదే అందుకు.

ముందు కొత్త కాలం సంగతే చూద్దాం. 2022 డిసెంబర్ 21న, అప్పటి ముఖ్యమంత్రి పుట్టినరోజు నాడు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకూ టీచర్లకూ ట్యాబుల పంపిణీ మొదలుపెట్టింది. మొత్తం 5 లక్షలకు పైగా ట్యాబులు. అందులో బైజూస్ కంపెనీ పాఠాలు ముందే ఎక్కించి ఇచ్చారు. ఏడాదిన్నర తిరిగేసరికి, 2024 జూలైలో, ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. ఈలోగా పిల్లలు ట్యాబుల లాకులు తీసి సినిమాలు చూస్తున్నారని, ఆటలాడుతున్నారని ఫిర్యాదులు వచ్చాయి. రావా మరి? పదమూడేళ్ల పిల్లవాడి చేతిలో యంత్రం పెట్టి, దాంతో ఏం చేయాలో చెప్పే మనిషిని పెట్టకపోతే వాడు ఏం చేస్తాడనుకున్నారు?

ఇది ఒక పార్టీ చేసిన తప్పని చంకలు గుద్దుకునేవాళ్లకు 2008 గుర్తుచేయాలి. ఉమ్మడి రాష్ట్రంలో అప్పటి ప్రభుత్వం 5 వేల ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ విద్యను ప్రైవేటు కంపెనీలకు ఐదేళ్ల ఒప్పందం మీద అప్పగించింది. 2013లో ఒప్పందం ముగిసింది, కొద్దిపాటి జీతాలకు పనిచేసిన బోధకులు ఇంటికి పోయారు, కంప్యూటర్లు గదుల్లో ఉండిపోయాయి. ప్రభుత్వాలు మారాయి, ముఖ్యమంత్రులు మారారు, రాష్ట్రమే రెండయింది. యంత్రం కొంటే చదువు వస్తుందన్న నమ్మకం మాత్రం చెక్కుచెదరలేదు.

నమ్మకం అని ఊరికే అనలేదు. దసరాకి కంప్యూటర్ ల్యాబులో మానిటర్లకు పసుపు రాసి బొట్టు పెట్టి నిమ్మకాయ కోయడం చూసే ఉంటారు. మన విద్యాశాఖలు చేస్తున్నదీ ఆ పూజే, కాకపోతే టెండరు పిలిచి చేస్తారు. పెరూ దేశంలో పిల్లలందరికీ తలా ఒక ల్యాప్‌టాప్ పథకం కింద 8 లక్షలకు పైగా ల్యాప్‌టాపులు పంచారు. 319 గ్రామీణ బడుల్లో దాని ఫలితాన్ని కొలిచి 2012లో ప్రకటించారు. లెక్కల్లో, భాషలో పిల్లలకు ఒరిగింది ఏమీ లేదని తేలింది. ఆ సంగతి తెలిశాక పదేళ్లకు మనం ట్యాబులు పంచాం. మందు పనిచేయదని పరీక్షలో తేలినా అదే మందు మింగేవాణ్ణి మనం ఏమంటాం?

ఇక దీనికి సరిగ్గా ఎదురు గుంపు ఒకటుంది. "ఫోనే అసలు దయ్యం, పిల్లల దరిదాపులకు రానీయకండి" అనేది వీళ్ల మంత్రం. తరగతి గదిలో ఫోను వద్దంటే నేనూ ఒప్పుకుంటాను, పాఠం జరిగేటప్పుడు అది అడ్డమే. ఆస్ట్రేలియా 2025 డిసెంబర్‌లో పదహారేళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదని నిషేధం అమలులోకి తెచ్చింది. దాని ఫలితం ఏమిటో కొలవనీయండి, చూద్దాం. కానీ నిషేధం వల్ల పిల్లవాడికి కొత్తగా ఏమీ రాదు కదా! పదహారో పుట్టినరోజు దాటిన మర్నాడు వాడికి రాత్రికి రాత్రే వివేకం వచ్చేస్తుందా? ఫోనుకు దండం పెట్టేవాడిదీ, ఫోనుకు దిష్టి తీసేవాడిదీ ఒకటే జబ్బు. శక్తి అంతా ఆ వస్తువులోనే ఉందని ఇద్దరూ నమ్ముతారు. వాడే మనిషికి ఏం వచ్చు, ఏం రాదు అన్న ప్రశ్న ఇద్దరికీ పట్టదు.

ఆ ప్రశ్నకు లెక్కలున్నాయి. 2024 అసర్ సర్వేలో గ్రామీణ భారతంలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లలను అడిగారు. స్మార్ట్‌ఫోన్ వాడటం తెలుసన్నవాళ్లు 82 శాతం. అంతకు ముందు వారంలో దాన్ని చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవాళ్లు 76 శాతం. సోషల్ మీడియా వాడేవాళ్లలో ఒక ఖాతాను బ్లాక్ చేయడమో, ఫిర్యాదు చేయడమో తెలిసినవాళ్లు 62 శాతమే. అంటే దాదాపు పదిమందిలో నలుగురికి, ఎవడైనా వెంటపడి వేధిస్తే తలుపు ఎలా వేసుకోవాలో తెలియదు. ఈ పిల్లల్లో ఆడపిల్లలు ఎంతమంది భయపడి ఫోను పక్కన పడేసి ఉంటారో, ఎంతమంది ఎవరికీ చెప్పుకోలేక లోలోపల కుమిలిపోయి ఉంటారో ఏ సర్వేకీ అందదు. ఇంట్లో చెబితే ఫోను లాక్కుంటారు, బడి మాన్పిస్తారు. టీచరుకు చెబితే నలుగురిలో పెడతారు. మార్కులు వేయని, ఇంట్లో చెప్పని, తిట్టని పెద్దమనిషి ఒకరు బడిలో ఉండాలి. మంచి లైబ్రేరియన్ ఎలా ఉంటారో చూసినవాళ్లకు నేను చెప్పేది అర్థమవుతుంది.

సరే, లైబ్రేరియన్‌కూ ఇంటర్నెట్టుకూ ఏమిటి సంబంధం? ఇక్కడ కాస్త నింపాదిగా చూద్దాం, అసలు విషయం ఇదే.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో ఒక అధ్యయనం బయటపెట్టారు. పదిమంది చరిత్ర ఆచార్యులు, పదిమంది వృత్తిరీత్యా నిజనిర్ధారణ చేసేవాళ్లు, 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు. వీళ్లను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి కొన్ని వెబ్‌సైట్లు చూపించి, ఏది నమ్మదగిందో తేల్చమన్నారు. అందులో పిల్లల డాక్టర్ల సంఘాలవి రెండు సైట్లు. ఒకటి 1930లో పుట్టిన, 60 వేలకు పైగా సభ్యులున్న అమెరికన్ అకాడెమీ ఆఫ్ పీడియాట్రిక్స్. రెండోది 2002లో దాని నుంచి విడిపోయి, స్వలింగ దంపతులు పిల్లలను దత్తత తీసుకోవడాన్ని వ్యతిరేకించేవాళ్లు పెట్టుకున్న చిన్న సంఘం. దాని పేరు అమెరికన్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రీషియన్స్. పేర్లు వింటే తేడా తెలుస్తుందా? విద్యార్థుల్లో ఎక్కువమంది రెండోదే నమ్మదగిందని తేల్చారు. సైటు శుభ్రంగా ఉంది, కింద ఆధారాల పట్టిక ఉంది, ప్రకటనలు లేవు అన్నారు. చరిత్ర ఆచార్యులు కూడా కొందరు బోల్తా పడ్డారు. నిజనిర్ధారణ చేసేవాళ్లు మాత్రం పడలేదు.

వాళ్లేమీ ఎక్కువ తెలివైనవాళ్లు కాదు. చేసిన పని వేరు, అంతే. మిగతావాళ్లు అదే పేజీని పైనుంచి కిందికి శ్రద్ధగా చదువుతూ కూర్చున్నారు. వీళ్లు పేజీ తెరిచిన కొద్ది సెకన్లలోనే దాన్ని వదిలేసి, పక్కన ఇంకో కిటికీ తెరిచి, "అసలు ఈ సంఘం ఎవరిది, వీళ్ల గురించి బయటివాళ్లు ఏమంటున్నారు" అని వెతికారు. దీనికి పరిశోధకులు పక్క చదువు అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. మనూళ్లో సంబంధం చూసేటప్పుడు చేసేదే ఇది. పెళ్లికొడుకు గురించి పెళ్లికొడుకునే అడుగుతామా? పక్కింటివాళ్లను అడుగుతాం.

ఇదంతా చదివినప్పుడు నాకు తట్టిందేమిటంటే, మంచి లైబ్రేరియన్ ఎప్పట్నుంచో చేస్తున్న పని ఇదే. పుస్తకం చేతికి రాగానే వాళ్లు లోపలి పాఠం చదవరు. అట్ట వెనక చూస్తారు. రాసిందెవరు, వేసిందెవరు, ఏ సంవత్సరం, ఎన్నో ముద్రణ, ఇదే విషయం మీద మన దగ్గర ఇంకేమున్నాయి, ఏ అరలో పెట్టాలి. ఆ నాలుగైదు ప్రశ్నలే నేటి వాట్సాప్ ఫార్వర్డుకు కూడా విరుగుడు. ఫార్వర్డుకు రచయిత పేరుండదు, తేదీ ఉండదు, ప్రచురణకర్త ఉండడు. అలాంటి పుస్తకం లైబ్రరీకి వస్తే ఏ అరలోనూ చోటు దొరకదు. మన బుర్రల్లో మాత్రం వెంటనే దొరుకుతోంది!

1931లో ఎస్.ఆర్. రంగనాథన్ గారు గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు రాశారు. అందులో నాలుగోది పాఠకుడి సమయాన్ని ఆదా చేయాలని చెబుతుంది. ఇవాళ పిల్లవాడి చేతిలో ఉన్న రీల్సు యాప్‌ను తయారుచేసేవాళ్ల సూత్రం సరిగ్గా దీనికి తలకిందులు, పాఠకుడి సమయాన్ని ఎంత వీలైతే అంత తినెయ్యాలి. కంపెనీకి ఆదాయం వచ్చేది అక్కడే. ఈ రెండు సంస్థల మధ్య తేడా ఏమిటో పద్నాలుగేళ్ల పిల్లకు చెబితే అర్థంకాదా? అవుతుంది. చెప్పేవాళ్లే లేరు.

చెప్పిన చోట ఏమైందో చూడండి. 2017లో మీజిల్స్ రుబెల్లా టీకా కార్యక్రమం జరిగినప్పుడు కేరళలోని కన్నూరు జిల్లాలో వాట్సాప్ పుకార్లు నమ్మి చాలామంది తల్లిదండ్రులు టీకా వద్దన్నారు. అప్పటి కలెక్టరు మరుసటి ఏడాది 'సత్యమేవ జయతే' అని పేరు పెట్టి, సుమారు 150 సర్కారు బడుల్లో తప్పుడు వార్తలను పసిగట్టే పాఠాలు మొదలుపెట్టించారు. కేరళకు ఇది ఆకాశం నుంచి ఊడిపడలేదు. 2001 నుంచి అక్కడ 'ఐటీ ఎట్ స్కూల్' నడిచింది, టీచర్లకే శిక్షణ ఇచ్చి, ఎవడికీ లైసెన్సు డబ్బు కట్టనక్కర్లేని ఫ్రీ సాఫ్ట్‌వేరుతో నడిపించారు. 2018లో పిల్లలతోనే 'లిటిల్ కైట్స్' క్లబ్బులు పెట్టారు. 2024లో 5, 7 తరగతుల ఐటీ పాఠ్యపుస్తకాల్లో నిజనిర్ధారణ పాఠం చేరింది. కేరళ అంటే మనవాళ్లకు ఎక్కడలేని భక్తి, ఆ భక్తి నాకు లేదు. అక్కడా జ్యోతిష్కులు బోలెడుమంది ఉన్నారు. కానీ యంత్రం కంటే ముందు టీచరు మీద ఖర్చు పెట్టారు, ఆ ఒక్క విషయంలో వాళ్లది సైన్సు పద్ధతి.

మన దగ్గర? 2018 వేసవిలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు వచ్చాయి. తెలంగాణలోనూ అమాయకులను కొట్టి చంపారు. జూలై 1న మహారాష్ట్రలోని రైన్‌పాడాలో ఒకేసారి ఐదుగురిని చంపారు. అప్పట్లో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరూరికీ కానిస్టేబుళ్లను పంపి, డప్పు కొట్టించి, జానపద పాటలు కట్టించి ఆ వీడియోలు అబద్ధమని చెప్పించారు. ఆమె పరిధిలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఆమెకు దండం పెట్టొచ్చు. కానీ ఆలోచించండి, ఒక వీడియోను సరిచూసుకోవడం ఎలాగో చెప్పడానికి పోలీసు రావాల్సి వచ్చింది! ప్రతి ఊళ్లో బడి ఉంది, టీచర్లున్నారు. ఆ వీడియోలు వాళ్ల ఫోన్లలోకీ వచ్చాయి. స్టాఫ్‌రూమ్ వాట్సాప్ గ్రూపులో ఏమేం తిరుగుతాయో మీలో టీచర్లుగా ఉన్నవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. సూర్యుడు ఓంకారం పలుకుతుంటే నాసా రికార్డు చేసిందన్న వీడియోను 2020 జనవరిలో సాక్షాత్తూ పుదుచ్చేరి లెఫ్టినెంట్ గవర్నర్ కిరణ్ బేదీ గారు పంచుకున్నారు. ఐపీఎస్ చదివినవారికే శూన్యంలో శబ్దం ప్రయాణించదన్న 9వ తరగతి పాఠం గుర్తు రాలేదు. పాఠం తెలియకపోవడం కాదు లోపం, పాఠాన్ని తీసి వాడే అలవాటు లేకపోవడం. అలవాటు వారానికి ఒకసారి చేస్తేనే వస్తుంది, ఏడాదికోసారి ఉపన్యాసం వింటే రాదు.

ఆ వారానికొక పీరియడ్ ఎలా ఉండాలో చెబుతాను. ఉమ్మెత్త వీడియోనే తీసుకోండి. పిల్లలను నాలుగు గుంపులు చేసి, ఒక గుంపును మొక్కల పుస్తకాల అర దగ్గరికి, ఒక గుంపును విజ్ఞాన సర్వస్వం దగ్గరికి, ఒక గుంపును కంప్యూటరు దగ్గరికి, ఒక గుంపును ఊళ్లో పెద్దల దగ్గరికి పంపండి. ఉమ్మెత్త గింజల్లో అట్రోపిన్, స్కోపోలమిన్ ఉంటాయని, నోరు ఎండిపోయి, చూపు మసకబారి, మతి చలిస్తుందని, మోతాదు మించితే ప్రాణమే పోతుందని అరగంటలో తేలిపోతుంది. అదే అట్రోపిన్‌ను డాక్టర్లు పురుగుల మందు తాగినవాళ్లకు సూదిమందుగా ఇస్తారని కూడా ఒక పిల్ల కనిపెడుతుంది. అప్పుడు చర్చ మొదలవుతుంది చూడండి, విషమూ మందూ ఒకటే ఎలా అవుతాయని! దీనికి ట్యాబులు లక్షలు అక్కర్లేదు. ఒక్క కంప్యూటరు, కొన్ని పుస్తకాలు, అడిగేవాళ్లు ఒకరు చాలు.

ఇంటర్నెట్టు లేదంటారా? 2024-25 యూడైస్ లెక్కల్లో దేశంలో 63.5 శాతం బడులకు ఇంటర్నెట్టు ఉందని చూపించారు, అంటే మూడోవంతుకు పైగా లేదు. వాటికి కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది, వికీపీడియాను మొత్తంగా ఒక పెన్‌డ్రైవ్‌లో దించుకుని నెట్టు లేకుండానే చదువుకోవచ్చు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్ నుంచి ఉంది. నెట్టు ఉన్న బడిలో దాని పేజీ చదివించడం కంటే, పైన ఉండే 'చరిత్ర' అన్న మీట నొక్కించడం ముఖ్యం. ఈ వాక్యం ఎవరు, ఎప్పుడు చేర్చారు, ఎవరు తీసేశారు, ఎందుకు పోట్లాడుకున్నారు అన్నీ కనిపిస్తాయి. అచ్చయిన ప్రతి మాట వెనకా ఒక మనిషి ఉంటాడని, వాణ్ణి అడగొచ్చని పిల్లలకు కళ్లకు కట్టేది ఆ పేజీయే.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చిపడింది. హోంవర్కు అంతా చాట్‌జీపీటీ రాసిపెడుతోందని టీచర్లు లబోదిబోమంటున్నారు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు అది చెప్పిన కోర్టు తీర్పులను సరిచూడకుండా జడ్జి ముందు పెట్టారు. ఆ తీర్పులు అసలు లేనే లేవు. 5 వేల డాలర్ల జరిమానా పడింది. ఆ లాయర్లు చేయాల్సిందల్లా, ఆ తీర్పు ఉన్న పుస్తకం తెరిచి చూడటం. మన పిల్లలకు దీన్ని ఆటలాగా నేర్పొచ్చు. వేమన పద్యాల సంకలనం ఒకటి బల్ల మీద పెట్టి, యంత్రాన్ని ఫలానా విషయం మీద వేమన పద్యం చెప్పమనండి. అది ఠక్కున ఏదో చెబుతుంది. ఆ పద్యం పుస్తకంలో ఉందో లేదో వెతకమనండి. దొరికితే పేజీ సంఖ్య రాయాలి, దొరక్కపోతే "దొరకలేదు" అని రాయాలి. రెండింటికీ సమానంగా మార్కులు. యంత్రాన్ని తిట్టనక్కర్లేదు, పూజించనక్కర్లేదు. సాక్ష్యం అడగడం వస్తే చాలు. పుస్తకమే లేని బడిలో ఈ ఆట ఆడలేం, గమనించారా?

"అయ్యా, 5వ తరగతి పిల్లకు 2వ తరగతి పాఠం చదవడం రాదు, మీరు నిజనిర్ధారణ అంటున్నారు" అని అడిగే టీచర్లుంటారు. న్యాయమైన ప్రశ్న. అసర్ లెక్కల ప్రకారం గ్రామీణ భారతంలో సగానికి పైగా పిల్లల పరిస్థితి అదే. కానీ చదవడం రాని పిల్లే వీడియోకు బానిస అవుతుంది, ఎందుకంటే ఆమెకు మిగిలిన దారి అదొక్కటే. చదవడం ఎలా వస్తుంది? తనకు నచ్చిన పుస్తకాలు పదులకొద్దీ చేతిలో పడితే వస్తుంది. మళ్లీ ఆ బీరువా దగ్గరికే వచ్చాం.

ఆ బీరువాకు తాళం ఎందుకు? టీచర్లు దుర్మార్గులని కాదు. పుస్తకం పోతే బాధ్యుడి జీతంలోంచి కోస్తారన్న భయం. స్టాక్ రిజిస్టరులో ఉన్నదీ బీరువాలో ఉన్నదీ ఒకటి కాకపోతే తనిఖీలో మాట పడాలి. కాబట్టి పిల్లలకు ఇవ్వకపోవడమే క్షేమం. 1952-53లో ముదలియార్ కమిషన్ మన బడి లైబ్రరీల గురించి రాసింది తీసి చదవండి. పాతబడిన, పిల్లలకు పనికిరాని పుస్తకాలు, ఇరుకు గది, పుస్తకాలంటే ఇష్టంలేని గుమాస్తానో టీచరో పార్ట్‌టైమ్ బాధ్యుడు అని ఉంటుంది. డెబ్బై ఏళ్లు దాటాయి! 2009 విద్యాహక్కు చట్టం అనుబంధంలో ప్రతి బడికీ లైబ్రరీ, అందులో వార్తాపత్రికలు, మ్యాగజైన్లు, కథల పుస్తకాలు ఉండాలని రాశారు. లైబ్రేరియన్ ఉండాలని మాత్రం రాయలేదు. సమగ్ర శిక్ష కింద బడి స్థాయిని బట్టి ఏటా 5 వేల నుంచి 20 వేల రూపాయల దాకా పుస్తకాల గ్రాంటు పెట్టారు. పుస్తకాలు వస్తాయి, బీరువాలోకి వెళతాయి. గురుకులాల్లో లైబ్రేరియన్ పోస్టులున్నాయి, పదివేల మంది చదివే ఎన్నో జిల్లా పరిషత్ హైస్కూళ్లను కలిపి చూసినా ఒక్కరు దొరకడం కష్టం. మనం ఇంటిపన్ను కట్టే ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసి గ్రంథాలయ సంస్థలకు జమ చేయకుండా బకాయిలు పెడుతుంటాయి. కాబట్టి డబ్బు లేదన్న మాట నాకు చెప్పకండి.

1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారు బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి పూనుకున్న నేల ఇది. 1935లో కృష్ణా కాలువల మీద పడవల్లో పుస్తకాలు వేసుకుని ఊళ్లకు తిప్పారు. నవంబర్ 14 నుంచి వారం రోజులు గ్రంథాలయ వారోత్సవాలు చేసి వీళ్ల ఫోటోలకు దండలు వేస్తాం. ఎనిమిదో రోజున తాళం యథాస్థానం.

చివరగా మనవాళ్ల సంగతి. హేతువాద, జనవిజ్ఞాన సంఘాల మిత్రులు బడులకు వెళ్లి నాలుక మీద కర్పూరం వెలిగించి చూపిస్తారు, కొబ్బరికాయలోంచి పూలు తీస్తారు. పిల్లలు కేరింతలు కొడతారు. మంచిదే. కానీ బాబాలు ఇప్పుడు విభూతితో రావడం లేదు, ఫోనులో వస్తున్నారు. 2021 మేలో కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం బారులు తీరిన జనం ఏ అద్భుతమూ కళ్లారా చూసి రాలేదు, వీడియోలు చూసి వచ్చారు. గంట ప్రదర్శనతో ఆ పిల్లలకు ఒక గారడీ గుట్టు తెలుస్తుంది, రేపు వచ్చే కొత్త గారడీకి వాళ్లు మళ్లీ మనకోసం ఎదురుచూడాలి. ఆ శక్తినంతా మండలానికి ఒక్క బడి లైబ్రరీ మీద పెడితే?

ఒక సంగతిలో మాత్రం మన మిత్రులతో పేచీ ఉంది. బడి లైబ్రరీలో దాతలిచ్చిన వాస్తు, జ్యోతిషం పుస్తకాలుంటే తీసి పారేయాలని కొందరి పట్టు. నేనొప్పుకోను. పక్కనే ఖగోళశాస్త్రం పుస్తకం పెట్టండి, పోయిన ఏడాది పంచాంగం తెచ్చి అందులో చెప్పిన వానలను ఊళ్లో పడిన వానలతో పోల్చి లెక్క కట్టమనండి. పుస్తకాన్ని దాచిపెట్టడం మతాధికారుల పద్ధతి. పైగా, ఇంట్లో ఫోనులో అదే జ్యోతిషం రోజంతా వస్తుంటే బడిలో దాచి ఏం లాభం?

మీ ఊరి బడి గురించి సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. మన రెండు రాష్ట్రాల్లోనూ గ్రామస్థాయి కార్యాలయానికైతే రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. గత మూడేళ్లలో లైబ్రరీ గ్రాంటు ఎంత వచ్చింది, ఏయే పుస్తకాలు కొన్నారు, టైమ్‌టేబుల్‌లో లైబ్రరీ పీరియడ్ ఉందా, దాని బాధ్యత ఎవరిది, కంప్యూటర్లలో పనిచేసేవి ఎన్ని అని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. వీటితో పాటు పుస్తకాలు ఇచ్చిన రిజిస్టరు నకలు తప్పకుండా అడగండి. పిల్లల పేర్లు కొట్టేసి ఇచ్చినా ఫర్వాలేదు, మనకు కావలసింది తేదీలే. బీరువా చివరిసారి ఎప్పుడు తెరిచారో అందులో ఉంటుంది.